తెలిసిన ఇంగ్లీషు మాటే, తెలియని అర్థం: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగ్‌లో చేరినవాళ్లు, బ్యాంకు పరీక్షలకు కూర్చున్నవాళ్లు, నాన్నగారి స్కాన్ రిపోర్టు పట్టుకుని రాత్రంతా గూగుల్ చేసేవాళ్లు, పిల్లల హోంవర్కు దగ్గర ఇరుక్కుపోయిన తల్లిదండ్రులు... అందరిదీ దాదాపు ఒకటే గోడు. ‘ఈ మాట నాకు తెలుసు, కానీ ఇక్కడ అర్థం కావడం లేదు.’ తెలియని మాటతో పెద్ద చిక్కు లేదు, వెతుక్కుంటాం. తెలుసు అనుకున్న మాటే దెబ్బ కొడుతుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ వెతకరు. ఈ పేజీ అంతా అలాంటి మాటల గురించే.

ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువ అర్థాలున్న మాట ఏది?

చాలాకాలం ఆ పేరు ‘సెట్’కు ఉండేది. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పులో సెట్ అనే క్రియకే 430 అర్థాలు చూపించారు. మూడో కూర్పు పని నడుస్తుండగా ‘రన్’ దాన్ని దాటేసింది. క్రియగా దానికి 645 అర్థాలు లెక్క తేలాయి. ఆ ఒక్క మాట మీదే పీటర్ గిలివర్ అనే సంపాదకుడు తొమ్మిది నెలలు కూర్చున్నారు.

645 అనగానే టెన్షన్ పడొద్దు. ఇంజను రన్ అవుతుంది, ప్రోగ్రాం రన్ అవుతుంది, షాపు రన్ చేస్తాం, ఎన్నికల్లో రన్ చేస్తారు, ఉతికితే చీర రంగు రన్ అవుతుంది, జలుబు చేస్తే ముక్కు రన్ అవుతుంది. నిఘంటువు వీటిలో ప్రతిదాన్నీ విడిగా లెక్కపెడుతుంది. మన ‘కొట్టు’ను అలాగే లెక్కపెట్టి చూడండి. ఫోన్ కొట్టాడు, పెయింట్ కొట్టాడు, కాపీ కొట్టాడు, డబ్బా కొట్టుకుంటున్నాడు, పెట్రోలు కొట్టించాడు, వాసన కొడుతోంది, గుండె కొట్టుకుంటోంది. మనం వీటిని ఎప్పుడైనా జాబితా రాసుకుని నేర్చుకున్నామా?

ఒక మాటకు ఇన్ని అర్థాలు ఎక్కడి నుంచి వస్తాయి?

చాలాసార్లు ఒకే అర్థం నుంచి. ‘ఛార్జ్’నే తీసుకోండి. బస్సు ఛార్జీలు, ఫోన్ ఛార్జింగ్, పోలీసుల ఛార్జిషీటు, లాఠీఛార్జి, పార్టీ ఇన్‌ఛార్జి, కొత్త కలెక్టర్ ఛార్జ్ తీసుకోవడం, ఫిజిక్స్ పుస్తకంలో ఆవేశం. పైకి చూస్తే ఒకదానికొకటి సంబంధం లేదు.

లాటిన్‌లో ‘కర్రస్’ అంటే బండి. దాన్నుంచి ‘కరికారే’ వచ్చింది, బండికి సరుకు ఎక్కించడం అని. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరి ఛార్జ్ అయింది. కార్, క్యారీ, కార్గో కూడా ఆ ఇంటివే. అంటే ఈ మాటలో మొదటినుంచీ ఉన్నది బరువు ఎక్కించడం. మనిషి మీద బాధ్యత పెడితే ఇన్‌ఛార్జి. నేరం మోపితే ఛార్జిషీటు. తెలుగులోనూ నేరాన్ని ‘మోపుతాం’, బరువునూ మోపుతాం, గమనించారా? డబ్బు భారం వేస్తే ఛార్జీ. తుపాకీలో మందు కూరితే అదీ ఛార్జే. 18వ శతాబ్దంలో విద్యుత్తు మీద ప్రయోగాలు చేసినవాళ్లు గాజు సీసాలోకి దాన్ని నింపుతున్నామనుకున్నారు కాబట్టి అక్కడా ఇదే మాట స్థిరపడింది. మన ఇళ్లలో లాటిన్ ఒక్క ముక్క రానివాళ్లు కూడా ‘ఛార్జింగ్ ఎక్కుతోందా?’ అనే అడుగుతారు. లాఠీఛార్జిలోని దాడి అర్థం మాత్రం కాస్త దూరపు చుట్టం.

ఈ ఒక్క తీగ పట్టుకుంటే కొత్త అర్థం ఎదురైనా భయం ఉండదు. బ్యాంకువాళ్లు మీ ఇంటి మీద ‘ఛార్జ్’ ఉందన్నారనుకోండి. అది ఫీజు కాదు. అప్పు తీరేదాకా ఆ ఆస్తి ఆ అప్పుకు హామీగా ఉంటుందని. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో ఈ మాట ఉన్నది ఈ అర్థంలోనే.

నది ఒడ్డునూ బ్యాంక్ అంటారు, డబ్బు దాచేదాన్నీ బ్యాంక్ అంటారు. ఇవీ ఒకే మాటేనా?

నిఘంటువు లెక్కలో కావు. డబ్బు బ్యాంకు ఇటాలియన్ ‘బంకా’ నుంచి వచ్చింది. డబ్బు మార్చేవాళ్లు బజార్లో వేసుకుని కూర్చునే బల్ల అది. నది బ్యాంకు ఉత్తర యూరప్ భాషల నుంచి నేరుగా వచ్చింది. బాగా వెనక్కి తవ్వితే రెండూ ఒకే మూలానికి చేరతాయి గానీ, ఈరోజు ఇంగ్లీషు మాట్లాడేవాడి బుర్రలో అవి వేర్వేరు మాటలే.

ఛార్జ్ లాంటివి ఒకే చెట్టు కొమ్మలు. బ్యాంక్ లాంటివి పేరు మాత్రమే కలిసినవి. కుక్క మొరిగే బార్క్, చెట్టు బెరడు బార్క్ కూడా అంతే. ఆటలో బ్యాట్, గబ్బిలం బ్యాట్ కూడా. మనకు బాగా పనికొచ్చేది ‘టెండర్’. పేపర్లో వచ్చే టెండర్ నోటీసుకూ లేత అనే అర్థంలోని టెండర్‌కూ దగ్గరి చుట్టరికం లేదు. ఒకటి చాచి ఇవ్వడం అనే లాటిన్ మాట నుంచి, ఇంకోటి మెత్తన అనే లాటిన్ మాట నుంచి వచ్చాయి. 2016 నవంబరు 8 రాత్రి ప్రధాని పాత 500, 1000 నోట్లు ఇక ‘లీగల్ టెండర్’ కావని ప్రకటించినప్పుడు, ఆ టెండర్ మొదటి రకం. బాకీ తీర్చడానికి ఇస్తే అవతలివాడు చట్టప్రకారం తీసుకోవాల్సిన డబ్బు అని.

డిక్షనరీలో వీటిని ఎలా గుర్తుపట్టాలంటే, పేరు మాత్రమే కలిసినవాటికి విడివిడి పద్దులు ఉంటాయి, మాట పక్కన పైన చిన్నగా 1, 2 అని అంకె వేస్తారు. ఒకే మాట అర్థాలైతే ఒకే పద్దు కింద వరుసగా వస్తాయి. మొదటి పద్దు చదివి మూసేసేవాళ్లే ఎక్కువ, రెండోది ఉందని కూడా చూడరు.

డిక్షనరీలో మొదట ఇచ్చిందే అసలు అర్థమా?

అది ఏ డిక్షనరీ అన్నదాన్ని బట్టి. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు చరిత్ర క్రమంలో ఉంటుంది, పుట్టిన వరుసలో. అందులో ‘నైస్’ చూస్తే మొదట కనిపించేది తెలివితక్కువ అనే అర్థం. ఆ మాట ఇంగ్లీషులోకి వచ్చింది ఆ అర్థంతోనే, మంచి అనే అర్థం చాలా తర్వాతిది. ‘సిల్లీ’ కథ దీనికి తలకిందులు, ఒకప్పుడు అది ధన్యుడు అనే అర్థంలో ఉండేది. అమెరికావాళ్ల మెరియమ్-వెబ్‌స్టర్ కూడా పాత అర్థంతోనే మొదలుపెడుతుంది. విద్యార్థుల కోసం చేసిన ‘లెర్నర్స్’ డిక్షనరీలు అలా కాదు. ఇప్పుడు ఎక్కువ వాడుకలో ఉన్నది మొదట ఇస్తాయి. నేర్చుకునేవాళ్లకు అవే సరిపోతాయి.

తెలుగు మీడియం నుంచి వచ్చాను. సైన్సు మాటలు ఇంగ్లీషులో ఎందుకింత గందరగోళంగా ఉన్నాయి?

నిజానికి మీకు ఒక లాభం ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. ఇంగ్లీషులో ఒకే మాటతో సర్దుకున్న చోట తెలుగు పాఠ్యపుస్తకాలు వేర్వేరు మాటలు పెట్టాయి.

‘సొల్యూషన్’ చూడండి. కెమిస్ట్రీలో ద్రావణం. లెక్కల్లో సమీకరణానికి సాధన. గొడవకైతే పరిష్కారం. తెలుగులో చదివినవాడికి ఈ మూడూ ఎప్పుడూ కలవలేదు, ఇంగ్లీషులో చూసేసరికి ఒక్కసారిగా కలిసిపోయాయి. సైకిల్ పంక్చర్ షాపులోనూ సొల్యూషన్ ఉంటుంది. ట్యూబుకు చిల్లు ఎక్కడుందో నీళ్లలో ముంచి బుడగలు చూసి, అక్కడ గరుకు కాగితంతో రుద్ది, చిన్న ట్యూబు నొక్కి జిగురు పూసి, అది కాస్త ఆరాక ప్యాచ్ అంటిస్తాడు. ఆ జిగురునే సొల్యూషన్ అంటాడు. పంక్చర్ సమస్యకు పరిష్కారం కాబట్టి ఆ పేరు అనుకుంటారు చాలామంది. కాదు, అది అచ్చంగా కెమిస్ట్రీ మాట. రబ్బరును ద్రావకంలో కరిగించిన ద్రావణం. పూశాక ద్రావకం ఆవిరైపోతుంది, రబ్బరు మిగులుతుంది. అందుకే ఆరేదాకా ఆగమంటారు.

‘పవర్’ ఇంకా పెద్ద కుటుంబం. ఫిజిక్స్‌లో సామర్థ్యం, కొలత వాట్లలో. లెక్కల్లో ఘాతం, రెండు పవర్ మూడు అంటే ఎనిమిది. కళ్లద్దాల పవర్ వేరు. పవర్ ఆఫ్ అటార్నీలో అధికారం. ‘బేస్’ కెమిస్ట్రీలో క్షారం, త్రిభుజంలో భూమి, సంవర్గమానాల్లో ఆధారం. ‘సెట్’ లెక్కల్లో సమితి.

సలహా ఒక్కటే. ఇంగ్లీషు పుస్తకంలో మాట తడబడితే దాన్ని మీరు పదో తరగతిలో చదివిన తెలుగు మాటకు ముడిపెట్టండి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాలు, దాని పారిభాషిక పదకోశాలు ఇందుకు బాగా పనికొస్తాయి. కాలేజీలో చేరగానే తెలుగు పుస్తకాలు పాత పేపర్లవాడికి వేసేయడం నా దృష్టిలో తొందరపాటు.

ఫిజిక్స్‌లో ‘వర్క్’ అంటే మనం చేసే పని కాదా?

కాదు. బలం వేసిన దిశలో వస్తువు కదిలితేనే వర్క్. ఇరవై కిలోల బియ్యం బస్తా భుజాన పెట్టుకుని బస్టాపులో అరగంట నిలబడ్డారనుకోండి. భుజం పీక్కుపోతుంది, చెమట కారుతుంది. ఫిజిక్స్ మాత్రం బస్తా మీద మీరు చేసిన పని సున్నా అంటుంది, ఎందుకంటే బస్తా కదల్లేదు. ఇక్కడ చిక్కు తెలుగు మీడియం వాళ్లకూ తప్పదు, మనమూ దానికి ‘పని’ అనే పేరు పెట్టాం కాబట్టి. శాస్త్రం రోజువారీ మాటను తీసుకుని దాని సరిహద్దు బిగించేసిన చోటల్లా ఇదే జరుగుతుంది.

‘థియరీ’ కూడా అంతే. ఇంట్లో ‘నా థియరీ ఏంటంటే’ అంటే ఊహ. శాస్త్రంలో థియరీ అంటే ఎన్నో పరీక్షలకు నిలబడ్డ వివరణ. పరిణామ సిద్ధాంతాన్ని ‘ఉత్త థియరీయే కదా’ అని కొట్టిపారేసేవాళ్లు మొదటి అర్థం పట్టుకుని రెండోదానితో పోట్లాడుతున్నారు.

ఫోన్ ‘సెల్’, జైలు ‘సెల్’, ఒంట్లో ‘సెల్’, గడియారంలో వేసే ‘సెల్’. ఏమిటి సంబంధం?

చిన్న గది. లాటిన్ ‘సెల్లా’ అంటే అదే. మఠాల్లో సన్యాసులు ఉండే గదులకు, జైలు గదులకు ఆ పేరు వచ్చింది. రాబర్ట్ హుక్ బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, అందులో గళ్లుగళ్లుగా కనిపించినవాటికి సెల్ అని పేరు పెట్టి 1665లో అచ్చువేశాడు. ఆయన చూసింది చనిపోయిన కణాల గోడల్ని, ఖాళీ గదుల్ని. పేరు మాత్రం బతికిన కణాలకూ ఉండిపోయింది. ఫోన్‌కు వస్తే, సిగ్నల్ అందించాల్సిన ప్రాంతాన్ని తేనెపట్టులా గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక్కో టవరు పెట్టాలన్న ఆలోచన 1947లోనే అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. ఆ గడులే సెల్స్. ఎక్సెల్ షీటులో గడి కూడా సెల్లే. తెలుగు పుస్తకాలు కణం, ఘటం అని విడదీశాయి. జనం మాత్రం ఫోన్‌కు సెల్ అనీ గడియారంలో వేసేదానికి సెల్లు అనీ చెప్పి హాయిగా కాలక్షేపం చేస్తున్నారు.

కంప్యూటర్ మాటలన్నీ పాత మాటలేనా?

చాలావరకు. ‘కంప్యూటర్’ అన్నదే 20వ శతాబ్దం మధ్యదాకా మనిషి ఉద్యోగం పేరు. కూర్చుని లెక్కలు కట్టేవాళ్లను అలా పిలిచేవారు. ‘బిట్’ అంటే ముక్క అనే మాట ముందే ఉంది. 1948లో క్లాడ్ షానన్ అనే గణితవేత్త తన ప్రసిద్ధ వ్యాసంలో దాన్ని, 0, 1 అనే రెండే అంకెలతో నడిచే లెక్కలో ఒక అంకె అనే అర్థంలో వాడుతూ, ఆ పేరు సూచించింది జాన్ టుకీ అని చెప్పాడు.

‘బగ్’ కథ మాత్రం సగం తప్పుగా తిరుగుతోంది. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ 2 అనే కంప్యూటర్‌లోని రిలేలో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌లో, చిమ్మటలాంటి పురుగు ఒకటి ఇరుక్కుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ పనిచేస్తున్న బృందం దాన్ని తీసి లాగ్‌బుక్కులో అంటించింది. బగ్ అనే మాట అక్కడే పుట్టిందని వాట్సాప్‌లో చదివే ఉంటారు. కానీ యంత్రంలో లోపాన్ని బగ్ అనడం ఎడిసన్ 1878లో రాసిన ఉత్తరంలోనే ఉంది. ఆ లాగ్‌బుక్కు పేజీలో రాసింది కూడా ‘నిజంగానే బగ్ దొరికిన మొదటి సందర్భం’ అనే తీరులో ఉన్న జోకు. మాట ముందే లేకపోతే జోకు పేలదు కదా.

స్కాన్ రిపోర్టులో ‘అన్‌రిమార్కబుల్’ అని ఉంది. డాక్టరు సరిగా చూడలేదా?

చూశారు. చెప్పుకోవాల్సిన తేడా ఏమీ లేదు, అంతా మామూలుగానే ఉంది అని దాని భావం. రిపోర్టులో ఇంతకంటే మంచి మాట ఉండదు.

రిపోర్టుల భాషలో బయటి అర్థం పెట్టుకుంటే తలకిందులయ్యేవి ఇంకా ఉన్నాయి. ‘నెగెటివ్’ అంటే వెతికినది కనిపించలేదని, కాబట్టి సాధారణంగా శుభవార్త. కరోనా పుణ్యమా అని ఇది ఊరూరా తెలిసిపోయింది. ‘కంప్లైంట్స్ ఆఫ్ పెయిన్’ అంటే మీ నాన్నగారు ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు, నొప్పి ఉందని చెప్పారు. ‘టెండర్’ అంటే నొక్కితే నొప్పి ఉందని. ‘ఇంప్రెషన్’ అంటే పరీక్ష అంతా చూశాక రేడియాలజిస్టు తేల్చిన అభిప్రాయం, ముందు చదవాల్సింది అదే.

‘అక్యూట్’, ‘క్రానిక్’ దగ్గర పేపర్లు కూడా తడబడతాయి. అక్యూట్‌ను ‘తీవ్రమైన’ అని రాసేస్తుంటారు. వైద్యంలో దాని అసలు సంగతి కాలం. హఠాత్తుగా మొదలైనది, కొద్దికాలం ఉండేది. మామూలు జలుబు కూడా అక్యూటే. క్రానిక్ అంటే దీర్ఘకాలంగా ఉన్నది, అంతేగానీ ముదిరిపోయిందని కాదు. జామెట్రీలో అక్యూట్ యాంగిల్‌ను లఘుకోణం అన్నాం. కోణం మొన తేలి ఉంటుంది, లాటిన్ మూలానికి అర్థం కూడా వాడి అయిన అనే. మాట అర్థం తెలిసిందని మందులు మాత్రం మీరు నిర్ణయించుకోకండి, అనుమానముంటే రిపోర్టు రాసిన డాక్టర్నే అడగండి.

సేల్ డీడ్ చదువుతుంటే తెలిసిన మాటలే, వాక్యం మాత్రం అర్థం కాదు. ఎందుకు?

చట్టం మాటల్ని తన సొంత అర్థంలో వాడుతుంది, చాలాసార్లు ఆ అర్థాన్ని చట్టంలోనే రాసిపెడుతుంది. ‘కన్సిడరేషన్’ అంటే దయతో పరిశీలించడం కాదు, ప్రతిఫలం. అంటే మీరు ఇచ్చే సొమ్ము. 1872 కాంట్రాక్టు చట్టం దీన్ని నిర్వచిస్తుంది. తెలుగు దస్తావేజుల్లో ‘ప్రతిఫలం’ అనే రాస్తారు. ‘ఎగ్జిక్యూట్’ అంటే దస్తావేజు రాసి సంతకం పెట్టి ఇవ్వడం. అదే మాటకు కంప్యూటర్లో ప్రోగ్రాం నడపడం, జైల్లో ఉరి తీయడం అని అర్థాలు. మూడింట్లోనూ ఉన్నది ‘చివరిదాకా అమలు చేయడం’. ‘వెండర్’ అనగానే తోపుడుబండి గుర్తొస్తుంది, డీడ్‌లో ఆస్తి అమ్ముతున్నవాడు. ‘ఇన్‌స్ట్రుమెంట్’ వీణో పరికరమో కాదు, హక్కును పుట్టించే పత్రం. 1881 నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని ఇన్‌స్ట్రుమెంట్లు చెక్కులు, ప్రామిసరీ నోట్లు.

‘రైట్, టైటిల్ అండ్ ఇంట్రెస్ట్’ అనే వరుస దాదాపు ప్రతి డీడ్‌లోనూ ఉంటుంది. ఈ ఇంట్రెస్ట్ వడ్డీ కాదు, ఆసక్తీ కాదు. ఆస్తిలో ఉన్న హక్కు, వాటా. లాటిన్ మూలం ‘మధ్యలో ఉండటం’, ఆ సంగతితో మనకు పొత్తు ఉండటం. పొత్తు మనసుతో అయితే ఆసక్తి, ఆస్తితో అయితే హక్కు. అప్పు ఇచ్చినవాడికి జరిగే నష్టానికి పరిహారంగా మొదలైంది వడ్డీ. అందుకే ‘డిస్‌ఇంట్రెస్టెడ్ విట్‌నెస్’ అంటే ఆసక్తి లేక ఆవులిస్తున్న సాక్షి కాదు. ఆ గొడవలో తనకు లాభనష్టాలు లేని సాక్షి.

ఒకే మాటకు ఎదురెదురు అర్థాలుంటాయా?

ఉంటాయి. లోన్ ‘శాంక్షన్’ అయిందంటే స్వీట్లు పంచుతాం. ఒక దేశం మీద శాంక్షన్లు విధించారంటే ఆంక్షలు. చట్టబద్ధం చేయడం అనే మూలం నుంచి ఒక కొమ్మ ఆమోదం వైపు, ఇంకో కొమ్మ చట్టం తప్పితే పడే శిక్ష వైపు పోయాయి. ‘ఓవర్‌సైట్’ ఒక వాక్యంలో పర్యవేక్షణ, పక్క వాక్యంలో చూడకుండా వదిలేసిన పొరపాటు. ఆడిట్ నివేదికల్లో రెండూ ఒకే పేజీలో కనిపించినా ఆశ్చర్యం లేదు.

‘టేబుల్’ ఇంకా చిత్రం. బ్రిటన్‌లో, మన దగ్గర ఒక అంశాన్ని టేబుల్ చేయడమంటే సభ ముందు పెట్టడం. అమెరికాలో పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రిటిష్, అమెరికన్ అధికారులు ఈ మాట మీద చాలాసేపు వాదించుకున్నారట, ఇద్దరి ఉద్దేశమూ ఒకటేనని తేలేదాకా. ఈ సంగతి చర్చిల్ స్వయంగా రాశారు. ఇప్పుడు హైదరాబాద్ ఆఫీసు నుంచి అమెరికా క్లయింటుతో మాట్లాడేవాళ్లకు ఇది చరిత్ర కాదు, రేపటి మీటింగ్.

అమెరికా వెళ్తున్నాను. మనం వాడే ఏ మాటలతో జాగ్రత్తగా ఉండాలి?

మొదటిది ‘డౌట్’. క్లాసులో చెయ్యెత్తి ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అంటే, మీరు చెప్పింది నేను నమ్మడం లేదు అన్నట్టు వినిపిస్తుంది. క్వశ్చన్ అనండి. రెండోది ‘పాసవుట్’. 2019లో పాసవుట్ అయ్యానంటే అక్కడ స్పృహ తప్పి పడిపోయారనుకుంటారు. గ్రాడ్యుయేట్ అయ్యాననాలి. ‘రబ్బర్’ అడగొద్దు, ఇరేజర్ అడగండి, కారణం వెతుక్కుంటే మీకే తెలుస్తుంది. మన ఫస్ట్ ఫ్లోర్ వాళ్ల సెకండ్ ఫ్లోర్. ‘గ్యాస్’ అంటే అక్కడ ముందు గుర్తొచ్చేది వంటింటి సిలిండరూ కాదు, పకోడీలు ఎక్కువ తిన్నాక వచ్చేదీ కాదు, పెట్రోలు. పార్సిల్ అంటే పోస్టులో వచ్చేదే, హోటల్లో కట్టించుకునేది ‘టు గో’.

పెళ్లి సంబంధాల ప్రకటనల్లో ‘హోమ్లీ గర్ల్’ అని రాస్తాం, ఇంటిపట్టున ఉండే నెమ్మదైన అమ్మాయి అని. అమెరికన్ ఇంగ్లీషులో హోమ్లీ అంటే అంతగా అందం లేని అని. అక్కడ పుట్టి పెరిగిన పిల్లల బయోడేటాలో ఈ మాట రాసి, ఆ పిల్లకే చూపించకండి.

‘బిలియన్’ విషయంలో మాత్రం ఇప్పుడు తేడా లేదు. ఒకప్పుడు బ్రిటన్‌లో బిలియన్ అంటే లక్ష కోట్లు. 1974లో వాళ్ల ప్రభుత్వం కూడా అమెరికా లెక్కకు మారింది. ఇప్పుడు ఇంగ్లీషులో ఎక్కడైనా వంద కోట్లే. బాగా పాత బ్రిటిష్ పుస్తకం చదివేటప్పుడు మాత్రం తేదీ చూసుకోండి.

తెలుగులో మనం వాడే ఇంగ్లీషు మాటలు తప్పా? ‘ఫీలయ్యాడు’, ‘కవర్’, ‘కటింగ్’ లాంటివి?

తెలుగులో మాట్లాడుతున్నంతసేపు తప్పేమీ లేదు. అవి తెలుగు మాటలైపోయాయి. ‘ఫీలవకు’ అంటే నొచ్చుకోకు అని ఏ తెలుగువాడికైనా తెలుసు, ఏ ఇంగ్లీషువాడికీ తెలియదు. ‘కవర్’ అంటే సరుకులు వేసిచ్చే సంచి, ‘కటింగ్’ అంటే క్షవరం, ‘హోటల్’ అంటే టిఫిన్ దొరికే చోటు, ‘సీన్ లేదు’ అంటే అంత సత్తా లేదు. చిక్కు ఇవే మాటల్ని ఇంగ్లీషు వాక్యంలో పెట్టినప్పుడు వస్తుంది.

పైగా అన్నీ మనం మార్చినవీ కాదు. ‘మెస్’నే చూడండి. మెస్ అంటే చిందరవందర కదా, భోజనం దొరికే చోటుకు ఆ పేరేమిటని నవ్వుతుంటారు. ఇంగ్లీషులో ఆ మాటకు పాత అర్థమే వడ్డించిన భోజనం. కలిసి కూర్చుని తినడం అక్కడి నుంచి వచ్చింది, సైన్యం ఇప్పటికీ అలాగే వాడుతుంది. చిందరవందర అర్థమే చివరిది. ‘ఫంక్షన్’ కూడా అంతే, వేడుక అనే అర్థం ఇంగ్లీషులో ఉన్నదే. లైబ్నిజ్ 17వ శతాబ్దం చివర్లో దాన్ని గణితంలోకి తెచ్చాడు, మనం దాన్ని ప్రమేయం అని చదువుకున్నాం. ఫంక్షన్ హాలు బోర్డు చూసి ఇంజనీరింగ్ కుర్రాళ్లు వేసే జోకులు అందరికీ తెలిసినవే, ఇక్కడ రాయను.

స్పెల్లింగ్ ఒకటే, పలికే తీరు రెండు. ఎలా తెలుస్తుంది?

‘లీడ్’ అంటే నడిపించడం, అదే స్పెల్లింగుతో ‘లెడ్’ అంటే సీసం. ‘మినిట్’ నిమిషం, ‘మైన్యూట్’ అతి చిన్నది. వాక్యం చదివితేనే తెలుస్తుంది, వేరే దారి లేదు. రికార్డ్, ఆబ్జెక్ట్, ప్రెజెంట్ లాంటి వాటికి మాత్రం ఒక సూత్రం చాలావరకు పనిచేస్తుంది. నామవాచకమైతే మొదటి భాగాన్ని ఒత్తి పలకండి, క్రియ అయితే రెండోదాన్ని.

‘ఎ’ అనే చిన్న అక్షరం కూడా అర్థం మారుస్తుందా?

మారుస్తుంది. ‘ఎ పేపర్’ అంటే న్యూస్‌పేపరో పరీక్ష పేపరో, ‘పేపర్’ అంటే కాగితం. ‘ఎన్ ఐరన్’ ఇస్త్రీపెట్టె, ‘ఐరన్’ ఇనుము. ‘దేర్ ఈజ్ నో రూమ్’ అన్నది గది లేదని కాదు, చోటు లేదని, బస్సులో కూడా అనొచ్చు. తెలుగులో ఇలాంటి చిన్న మాట ముందు పెట్టే అలవాటు లేదు కాబట్టి దీన్ని మనం చూసీ చూడనట్టు దాటేస్తాం. డిక్షనరీలో నామవాచకం పక్కన ఉండే సి, యు అక్షరాలు దీనికోసమే. లెక్కపెట్టగలిగేది, లెక్కపెట్టలేనిది అని.

పోటీ పరీక్షలో సరైన అర్థం త్వరగా ఎలా పట్టుకోవాలి?

మాటను వదిలేసి దాని పక్కవాటిని చూడండి. జె.ఆర్. ఫర్త్ అనే భాషాశాస్త్రవేత్త 1957లో ఇదే అన్నారు, మాటను దాని సావాసాన్ని బట్టి గుర్తుపట్టాలని. ఆయన కొన్నేళ్లు లాహోర్‌లో ఇంగ్లీషు ప్రొఫెసర్‌గా చేసినవారే. ‘బాండ్’ పక్కన మెచ్యూరిటీ ఉంటే రుణపత్రం, కోవలెంట్ ఉంటే రసాయన బంధం, మదర్ ఉంటే అనుబంధం.

తర్వాత, మాట వెనక వచ్చే చిన్న మాటను మింగేయకండి. ‘పుట్ ఆఫ్’ వాయిదా వేయడం, ‘పుట్ అప్ విత్’ భరించడం, ‘టర్న్ డౌన్’ తిరస్కరించడం, ‘లుక్ ఇంటూ’ విచారించడం. వీటిని జంటగా, ఒకే మాటగా నేర్చుకోవాలి. పుట్ అర్థం, ఆఫ్ అర్థం కలిపితే వాయిదా రాదు. పరీక్ష పేపరు తయారుచేసేవాళ్లకు ఇది బాగా తెలుసు, ఆప్షన్లలో ఒకటి తరచుగా ఆ కలిపిన అర్థమే ఉంటుంది.

అనువాదం యాప్‌లు ఉన్నాయిగా, ఇదంతా ఎందుకు?

యాప్‌లు కూడా పక్క మాటల్ని చూసే అర్థం ఎంచుకుంటాయి. కాబట్టి ఒక్క మాట టైప్ చేసి అడిగితే వాటికి ఆధారం ఉండదు, ఎక్కువ వాడుకలో ఉన్నది ఇచ్చేస్తాయి. పూర్తి వాక్యం ఇవ్వండి, వీలైతే ముందు వాక్యం కూడా. ఆస్తి కాగితాలకూ మందుల చీటీలకూ యాప్ చెప్పింది చివరి మాట అనుకోవద్దు. ‘కన్సిడరేషన్’ను పరిశీలన అని అనువదించిన డీడ్ చదవడానికి చక్కగానే ఉంటుంది, అందులో ధర ఎక్కడుందో మాత్రం దొరకదు.

ఇంట్లో ఏ డిక్షనరీ పెట్టుకోవాలి?

ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషుకు ఒక లెర్నర్స్ డిక్షనరీ, ఆక్స్‌ఫర్డ్‌దైనా కేంబ్రిడ్జ్‌దైనా. వెబ్‌సైట్లో ఉచితంగా చూడొచ్చు, ఉచ్చారణ వినిపిస్తుంది. ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ దాని పక్కన ఉండాలి గానీ దాని బదులు కాదు. ఉదాహరణ వాక్యాలు లేనిదైతే కొనొద్దు, ఎంత లావుగా ఉన్నా. సి.పి. బ్రౌన్ నిఘంటువు గురించి కూడా చాలామంది అడుగుతారు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1903 కూర్పు ఇంటర్నెట్లో దొరుకుతుంది. పాత తెలుగు మాటలకు, పద్యాలు చదువుకునేటప్పుడు ఇప్పటికీ దానికి సాటి తక్కువ. ఈనాటి ఇంగ్లీషుకు మాత్రం అది తెరవకండి, అందులోని ఇంగ్లీషు కూడా 19వ శతాబ్దానిదే.